సగం పాట కోసం వచ్చినవాడు

ఆగ్నేజా తొప్చోవ్ పెరటి వంటింట్లో మిరపకాయలు గుచ్చుతున్నారంటే, వీధిన పోయేవాళ్ళకు అది మిరపకాయలు గుచ్చడమే. సెప్టెంబరు వచ్చిందంటే రొమేనియాలోని బనాత్ మైదానంలో ఏ ఇంటి చూరు చూసినా ఎర్రటి దండలే. కాకపోతే ఆగ్నేజా ఇంట్లో ఆడపిల్లల చేతులు సూదీ దారం మీద ఆడుతుంటే నోళ్ళు జపాల మీద ఆడేవి. మేరీమాత జపం, పది ఆజ్ఞలు, చావింట్లో పాడే పాటలు, అన్నీ తాతముత్తాతలు దాన్యూబు నది దాటి మోసుకొచ్చిన బల్గేరియన్‌లోనే. బడిలో రొమేనియన్ తప్ప ఇంకో భాష నోట రాకూడదు. ఇంటి దగ్గర పిల్లల్ని పోగేసి జపాలు నేర్పుతున్నారని తెలిస్తే ఇక చెప్పక్కర్లేదు. అందుకని ఆగ్నేజా వీధి తలుపు కనబడేలా పీట వేసుకుని కూర్చునేది. గడియ కదిలిందా, "ఈ కాయ చూడండే, తొడిమ ఎంత మెత్తబడిందో" అనేది. పిల్లలకు ఆ మాట చాలు. జపం ఆగిపోయి, ఎవరి మేక ఎవరి తోటలో పడిందన్న కబుర్లు మొదలయ్యేవి.

పంతొమ్మిది వందల డెబ్భై అయిదో సంవత్సరం సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆ గడియ కదిలింది.

"తొడిమ చూడండే" అంటూనే ఆగ్నేజా లేచింది. వాకిట్లో నలభై ఏళ్ళ మనిషి, గోధుమరంగు కోటు, చేతిలో టోపీ. ముఖం ఎప్పుడూ చూసింది కాదు.

"ఏసుకు స్తుతి" అన్నాడు, సొంత ఊరివాడు అన్నట్టే.

"ఎల్లకాలం స్తుతి" అని ఆగ్నేజా నోరు దానంతట అదే బదులిచ్చేసింది. ఆ తర్వాత నాలుక కరుచుకుంది. ముక్కూ మొహం తెలియనివాడికి అంత తొందరగా జవాబివ్వడమేమిటి?

"ఎవరు కావాలి?"

"తొప్చోవ్‌ల ఇల్లు ఇదేనా అక్కా? నా పేరు మార్తిన్ రోన్కోవ్. బల్గేరియా నించి వస్తున్నా. మా అమ్మమ్మా మీ తాతా తోడబుట్టినవాళ్ళు. పెళ్ళయ్యాక మొగుడితో కలిసి అవతలికి తిరిగెళ్ళిపోయిన మార్గిట ఉందే, ఆవిడ మనవణ్ణి."

తాతకు మార్గిట అనే చెల్లెలు ఉండేదన్న మాట నిజమే. అప్పట్లో ఇక్కణ్ణించి ఎన్నో కుటుంబాలు బళ్ళు కట్టుకుని పాత దేశానికి తిరిగిపోయాయి. అయితే ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలిసింది పోలీసులకు తెలియదా? నిజమైన చుట్టం నిజం చెబుతాడు సరే. దొంగ చుట్టమైతే అంతకంటే పక్కాగా వల్లెవేసుకుని వస్తాడు.

ఆగ్నేజా అతణ్ణి లోపలికి పిలవలేదు. పొమ్మననూ లేదు. అరుగు మీద కూర్చోబెట్టి, రొట్టె, పొగలో ఎండబెట్టిన సాసేజి, నాలుగు టమాటాలు కోసి పెట్టింది. పరాయి దేశస్థుణ్ణి ఇంట్లో పడుకోబెట్టకూడదని కిందటేడు చట్టం వచ్చింది. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులైతే తప్ప. వాళ్ళతో మాట్లాడితే మర్నాటికల్లా పోలీసు స్టేషన్లో చెప్పాలని అంతకు ముందే ఇంకో చట్టం ఉంది.

"పట్నంలో హోటల్లో దిగాను. రోజూ బస్సులో వచ్చిపోతా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అన్నాడు మార్తిన్, ఆ సంగతి తెలిసినట్టే. అదీ ఆమెకు నచ్చలేదు. చట్టం అంత బాగా తెలిసినవాడు ఎవడై ఉంటాడు?

తింటూ, "టమాటాలు బావున్నాయక్కా" అన్నాడు. టమాటాకు అతను వాడిన మాట ఈ ఊళ్ళో ఎవరూ వాడరు. బల్గేరియా రాజధాని సోఫియా రేడియోలో వార్తలు చదివేవాళ్ళ మాట అది.

"ఏం పని చేస్తుంటారు?"

"బడిపంతుల్ని."

"ఏం చెబుతారు?"

"లెక్కలు."

ఆగ్నేజా అతని చేతుల వంక చూసింది. గోళ్ళ సందుల్లో నల్లటి నూనె, ఎంత తోమినా పోనిది. "ట్రాక్టరు కింద పడుకోబెట్టి లెక్కలు చెబుతారు కాబోలు" అంది.

మార్తిన్ ముఖం ఎర్రబడింది. చేతులు టోపీ కింద దాచుకున్నాడు. మరీ మామూలుగా అడిగినట్టు, "ఊళ్ళో చావింట్లో పాడే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారా అక్కా?" అన్నాడు.

ఆగ్నేజా పళ్ళెం తీసేస్తూ, "ఉన్నారు, శ్మశానంలో" అంది.

అతను వెళ్ళిపోయాక పక్కింట్లో ఉండే ఆగ్నేజా ఆడపడుచు తెరేజా గోడ మీంచి తల పెట్టింది. "ఎవరు వదినా? బావి వంక చూశాడా? అవతలికి పోయినవాళ్ళు బంగారం పాతిపెట్టి పోయారంటారుగా. అందుకే వచ్చుంటాడు."

"బంగారానికొచ్చినవాడు పార తెచ్చుకుంటాడు తెరేజా. వీడు చెవులు తెచ్చుకున్నాడు."

మర్నాడు మార్తిన్ శ్మశానమంతా తిరిగాడు. తొప్చోవ్‌ల సమాధుల దగ్గర మోకరిల్లాడని ఒకరన్నారు. మోకరిల్లినట్టు నటిస్తూ పక్కచూపులు చూశాడని ఇంకొకరన్నారు. చర్చి తలుపు తీసి చూసి, లోపల మనుషులుండేసరికి మూసేశాడట. సహకార దుకాణంలో సిగరెట్లు కొంటూ లూయిస్ కరజోవ్‌తో చాలాసేపు మాట్లాడాడట. ఆ ఆఖరి మాట వినగానే ఆగ్నేజాకు అనుమానం రూఢి అయినట్టనిపించింది.

లూయిస్ కరజోవ్ దుకాణం చూసేవాడు. అతని ముందు ఊళ్ళో ఎవరూ వాతావరణం గురించి తప్ప మాట్లాడరు. యాభై ఒకటో సంవత్సరంలో, పెంతెకోస్తు పండగ ముందు రాత్రి సైనికులు వచ్చి ఊళ్ళో కొన్ని ఇళ్ళ తలుపులే ఎంచి తట్టారు. ఆ ఇళ్ళవాళ్ళను పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి, దేశం ఆ కొసనున్న బరగాన్ ముళ్ళమైదానంలో దించారు. నేలలో గుంత తవ్వుకుని, పైన గడ్డి కప్పుకుని తలదాచుకున్నారు. ఆగ్నేజా తండ్రి మొదటి చలికాలం దాటలేదు. ఏ ఇంటి తలుపు తట్టాలో ఎవరో ఒకరు చెప్పకపోతే సైనికులకెలా తెలుస్తుంది? లూయిస్ ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు. అతనే చెప్పాడని ఎవరూ రుజువు చెయ్యలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. అప్పట్నించీ ఆగ్నేజా అతణ్ణి "లూయిస్ గారూ" అంటుంది. అంతకు ముందు అన్నా అని పిలిచేది.

మూడో రోజు పిల్లలు చావుపాట నేర్చుకుంటున్నారు. మనిషి కన్ను మూసే ముందు చుట్టూ చేరి పాడే పాట అది. పోయే ప్రాణానికి దారి చూపడానికి.

*తలుపు దగ్గర దీపం పట్టు తల్లీ,
చెప్పులు విప్పి వస్తున్నాను.
దారి దుమ్ము దారికే వదిలి
నీ గడప కడగ వస్తున్నాను.*

వీధి తలుపు మీదే కన్ను పెట్టుకుని కూర్చున్న ఆగ్నేజాకు పెరటి కిటికీ సంగతి తోచలేదు. పాట సగం దాటాక చిన్నపిల్ల లెంకా సూది ఆపి, కిటికీ వంక చూస్తూ "పెద్దమ్మా..." అంది. కిటికీ అంచున గోధుమరంగు భుజం.

మిగతా పిల్లలు ఇంకా పాడుతుండగానే ఆగ్నేజా ఒక్క ఉదుటున బయటికి వెళ్ళింది. మార్తిన్ గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. విన్నదాన్ని విన్నట్టు బట్టీ పడుతున్నాడు.

"దొడ్డిదారిన వచ్చే చుట్టాలు మా వంశంలో లేరు" అంది ఆగ్నేజా.

అతను ఉలిక్కిపడ్డాడు. "తలుపు తడితే పాట ఆగిపోతుందని... ఇంకొక్కసారి పాడమనండక్కా. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏ పాట? మిరపకాయలు గుచ్చుతున్నారు పిల్లలు. కావాలంటే ఓ దండ పట్టుకుపోండి."

"అక్కా, నేను..." అని ఏదో చెప్పబోయాడు. అంతలో గోడ మీద తెరేజా తల లేచింది. అతను నోరు మూసుకుని, టోపీ పెట్టుకుని, వచ్చిన దొడ్డిదారినే వెళ్ళిపోయాడు.

"చూశావా, నన్ను చూసి మాట మింగేశాడు" అంది తెరేజా. "వదినా, నువ్వు వెళ్ళి చెప్పకపోతే, చెప్పలేదన్న నేరం నీ మీద పడుతుంది. నిన్ను పరీక్షించడానికే పంపుంటే? పిల్లల తల్లుల గతేమిటి?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆగ్నేజా పిల్లల్ని ఇళ్ళకు పంపేసింది. నల్ల గుడ్డ తలకు కట్టుకుని పోలీసు స్టేషనుకు నడిచింది.

సార్జంటు ప్రూనారు ఎక్కడో దక్షిణాది నుంచి వచ్చినవాడు. ఊరి భాష ముక్క రాదు. ఆగ్నేజా రొమేనియన్‌లో, తక్కువ మాటల్లో చెప్పింది. ఎవరో వచ్చాడు, చుట్టం అంటాడు, సమాధుల గురించి అడిగాడు, పెరట్లో తిరుగుతున్నాడు.

"మంచిపని చేశారు" అన్నాడు సార్జంటు. ఆమె తలుపు దాకా వెళ్ళాక, వెనక నుంచి తీరిగ్గా అన్నాడు: "మీ పెరట్లో ఈమధ్య ఆడపిల్లలు బాగా చేరుతున్నారటగా?"

"మిరపకాయలండీ" అంది ఆగ్నేజా. "ఒక్కదాన్నే గుచ్చుకోలేను."

ఆగ్నేజా వడివడిగా ఇంటికి మళ్ళింది. మార్తిన్ అప్పుడే చెప్పేశాడన్నమాట! తను చెప్పడానికి వెళ్ళేలోపే తన మీద చెప్పేశాడు. కిటికీ దగ్గర పెదవులు కదిపింది అందుకే. ఇంటికెళ్ళాక దండలన్నీ బిగించి గోడల నిండా కట్టింది. ఎవరొచ్చి చూసినా ఈ ఇంట్లో మిరపకాయలు తప్ప మరోటి జరగలేదనిపించాలి.

ఆ సాయంత్రమే మార్తిన్‌ను బస్సు స్టాపులో పట్టుకున్నారని తెలిసింది. ఆగ్నేజాకు సంతోషం వేయలేదు, బాధా వేయలేదు. మార్గిట ముఖం తన తాత ముఖంలా ఉండేదా అని మాత్రం ఊరికే అనిపించింది. మార్తిన్ చెవులు తాత చెవుల్లాగే బయటికి పొడుచుకుని ఉన్నాయని కూడా. అటువంటి చెవులు లోకంలో ఎంతమందికి లేవు!

మర్నాడు పొద్దెక్కాక లూయిస్ కరజోవ్ వీధి తలుపు తోసుకుని వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళలో అతను ఆ వాకిట్లో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఏం లూయిస్ గారూ, దుకాణంలో ఉప్పు అయిపోయిందా, మా ఇంటికొచ్చారు?"

"కూర్చోమనకు, కూర్చోను" అన్నాడు లూయిస్. ఆయాసపడుతున్నాడు. "నిన్న రాత్రి, ఇవాళ పొద్దున, వాడి మాటలు సార్జంటుకు రొమేనియన్‌లో చెప్పడానికి నన్ను పిలిచారు. ఆగ్నేజా, వాడు నీ చుట్టమే."

"మీరు చెబితే సరిపోయిందా?"

"విను ముందు. నీ పెరటి వంటింట్లో ఏం జరుగుతోందని వాణ్ణి తిప్పితిప్పి అడిగారు. వాడేమన్నాడో తెలుసా? 'ఆడవాళ్ళు మిరపకాయలు గుచ్చుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు చెప్పుకుంటారు. విని విని నాకు చెవుడొచ్చింది' అన్నాడు. మరి కిటికీ దగ్గరెందుకు నిలబడ్డావంటే, ఆ చాడీల కోసమే అన్నాడు. సార్జంటు నవ్వాడు కూడా."

ఆగ్నేజా మనసులో లెక్క వేసుకుంది. మార్తిన్ నిజంగా అలా అన్నాడంటే తనను కాపాడినట్టే. లూయిస్ చెప్పేదే అబద్ధమైతే?

"ఎందుకొచ్చాడో నాకు చెప్పాడు" అని లూయిస్ గొంతు తగ్గించాడు. "సార్జంటు సిగరెట్టు వెలిగించుకునేటప్పుడు, మన భాషలో, గడగడా చెప్పేశాడు. వాళ్ళమ్మ మంచాన పడి ఉంది. మార్గిట కూతురు. మార్గిట పాడిన చావుపాట తనకీ పాడి సాగనంపమంటోంది. వాళ్ళ ఊళ్ళో ఫాదర్లను ఎప్పుడో జైళ్ళలో వేశారు, పాడే ముసలివాళ్ళు పోయారు. సగం పాట మిగిలింది. రెండో సగం ఎవరికీ రాదు. దాని కోసం వచ్చాడు వీడు. పంతులూ కాదు ఏమీ కాదు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. పాట కోసం వచ్చానంటే ఎవరు ఎవరికి చేరవేస్తారోనని నోరు విప్పలేదు. మనల్ని నమ్మలేదు."

"మీరు సార్జంటుకేం చెప్పారు?"

"తాతల సమాధులు చూడ్డానికొచ్చాట్ట అని చెప్పా. ఇవాళ మధ్యాహ్నం రైలుకి ఎక్కించి సరిహద్దు దాటిస్తున్నారు. ఇక ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "నీ ఇష్టం. వాడు నిన్నేమీ అడగలేదు."

అతను వెళ్ళాక ఆగ్నేజా పీట మీద కూలబడింది. ఇది వల అయితే? రైలు స్టేషన్లో, పోలీసుల ముందు, నలుగురూ వినేలా తన నోటితో చావుపాట పాడిస్తే ఇక మిరపకాయల మాట ఎవరు నమ్ముతారు? లూయిస్ ఇన్నేళ్ళకు ఇంటికి రావడమేమిటి? సార్జంటు సిగరెట్టు వెలిగించుకునేంతలో మనిషి అంత కథ చెప్పగలడా? ఎటు తిప్పి చూసినా అది వలలాగే కనిపించింది.

అయితే ఒక్క మాట మాత్రం వలలో ఇమడలేదు. సగం పాట. కిటికీ దగ్గర మార్తిన్ పెదవులు ఎప్పుడు కదిలాయి? ఆమె గుర్తు తెచ్చుకుంది. లోపల పిల్లలు మొదటి భాగం దాటి రెండో భాగంలోకి వచ్చారు. అప్పుడు అతని పెదవులు పాటకంటే ఒక అడుగు వెనకబడి, తడుముకుంటూ కదిలాయి. చేరవేసేవాడికి పాట విన్నాడంటే చాలు. అవి నేర్చుకునేవాడి పెదవులు.

తెరేజా గోడ మీంచి, "ఎక్కడికి వదినా ఆ గుడ్డ కట్టుకుని?" అంది.

"చుట్టాన్ని సాగనంపడానికి."

"నీకేమైనా మతిపోయిందా? నువ్వే పట్టించి..."

"అందుకే" అని ఆగ్నేజా తలుపు వేసింది.

ప్లాట్‌ఫారం మీద పెద్దగా జనం లేరు. జొన్నబస్తాల మీద ఇద్దరు ముసలివాళ్ళు, గడ్డిపరకలు పీకుతున్న ఒక మేక. మార్తిన్‌ను అప్పటికే పెట్టె ఎక్కించారు. కిటికీ దగ్గర కూర్చున్నాడు, ఒక చెంప వాచి ఉంది. కింద సార్జంటు, అతని పక్కన లూయిస్.

ఆగ్నేజాను చూసి మార్తిన్ ముఖం తిప్పుకున్నాడు. అతనికీ అనుమానమే. మళ్ళీ ఏం చెప్పడానికి వచ్చిందో ఈవిడ!

ఆమె కిటికీ కిందికి వెళ్ళింది. "తమ్ముడూ," అంది, "మొదటి సగం నీకొచ్చు కదా? దాని జోలికి పోను. విను."

పాడటం మొదలుపెట్టింది.

*నా వెనక తలుపు మూయకు తల్లీ,
చిన్నవాళ్ళు రావాలింకా.
నా పేరు నువ్వు పిలిచినవేళ
నా భాషలోనే పిలువు.*

మార్తిన్ లేచి నిలబడ్డాడు. కిటికీ అద్దం కిందికి లాగి, తల బయటికి పెట్టాడు. రెండోసారి పాడుతుంటే అతని పెదవులు కదిలాయి. మూడోసారి గొంతు కలిసింది, అపశ్రుతిలో, మోటుగా. ఒకచోట మాట తప్పాడు. ఆగ్నేజా ఆపి, "గడప కాదు, తలుపు. మళ్ళీ అను" అంది, పెరట్లో లెంకాను దిద్దినట్టే. బస్తాల మీది ముసలివాళ్ళు టోపీలు తీశారు.

సార్జంటుకు చిరాకు వేసింది. "ఏమిటది? ఏం పాడుతోంది?" అని లూయిస్‌ను అడిగాడు.

ఆగ్నేజా పాడుతూనే వింది. వల అయితే అది బిగుసుకునేది ఈ క్షణంలోనే. ఆమె లూయిస్ వంక చూడలేదు, చూస్తే పాట తప్పుతుందని.

"సాగనంపే పాటండీ" అన్నాడు లూయిస్. "పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు పాడతారు. మా ఆడాళ్ళకు ఏడవడానికి ఏదో ఒకటి కావాలి."

"పెళ్ళికూతురా? ఆ వెధవ?" సార్జంటు నవ్వాడు.

రైలు కదిలింది. ఆగ్నేజా దానితోపాటు కొంతదూరం నడుస్తూ చివరి చరణం మరోసారి అందించింది. మార్తిన్ కిటికీలోంచి ఏదో అరిచాడు. పాటో, మాటో, ఇంజను కూతలో ఆమెకు వినబడలేదు.

తిరిగి వస్తుంటే లూయిస్ కొంచెం ఎడంగా పక్కన నడిచాడు.

"నా పెరటి సంగతి సార్జంటు చెవిన వేసిందెవరు లూయిస్ గారూ?" అంది ఆగ్నేజా.

"నేను కాదు."

"వాళ్ళతో మీకు రాకపోకలున్నాయిగా."

"ఉన్నాయి" అన్నాడు లూయిస్. అంత సూటిగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "వారం వారం ఏదో ఒకటి చెప్పాలి వాళ్ళకి. ఎవడు పంది కోశాడో, ఎవడు తాగి పడ్డాడో చెబుతా. నువ్వు నమ్మక్కర్లేదు."

"యాభై ఒకటిలో?"

అతను ఆగిపోయాడు. "అప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు" అన్నాడు. "అడిగుంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలీదు."

ఆమె అతని ముఖం వంక చూసింది. అందులో నిజం ఉందో లేదో కనిపెట్టలేకపోయింది. తెరేజా మీద కూడా ఆమెకు అప్పుడే మొదటిసారి అనుమానం కలిగింది. ఆ గోడ మీంచి ఎప్పుడూ తొంగిచూసేది ఆమే కదా. తరవాత చాలా ఏళ్ళపాటు ఆ ఇద్దరిలో ఎవరన్నది ఆగ్నేజాకు తెలియలేదు. వాళ్ళిద్దరూ కాక ఇంకెవరైనా కావచ్చు కూడా.

అవతలి నుంచి ఏ కబురూ రాలేదు. మార్గిట కూతురు రెండో సగం విని పోయిందో, వినకుండానే పోయిందో చెప్పేవాళ్ళు లేరు. పెరటి వంటింట్లో మాత్రం మళ్ళీ పిల్లలు చేరారు. ఆగ్నేజా ఇప్పుడు పీటను రెండు వైపులా కనబడేచోట వేసుకుంది.

ఆ శీతాకాలం మొదట్లో లూయిస్ తన మనవరాలు మరియానాను వేలు పట్టుకుని తీసుకొచ్చాడు. "దీనికి వాళ్ళమ్మ రొమేనియన్ తప్ప నేర్పలేదు. వచ్చే వసంతంలో చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకోవాలి. మన భాషలో జపం రాకుండా ఎలా?" అన్నాడు వాకిట్లోనే నిలబడి.

ఆగ్నేజా పిల్ల వంక చూసింది, లూయిస్ వంక చూసింది. వద్దంటే ఎందుకు వద్దన్నావని అడుగుతారు. రమ్మంటే రేపు ఈ పిల్ల ఇంటికెళ్ళి ఏం చెబుతుందో.

"కూర్చోవే" అంది.

మొదటి రోజు వాళ్ళు బఠాణీలు ఏరారు, అంతే. ఒక్క జపం నోట రాలేదు. మిగతా పిల్లలు ఆగ్నేజా ముఖం చూసి, మేకల కబుర్లే చెప్పుకున్నారు. మరియానా ఒక్క మాటా అర్థంకాక తలవంచుకుని కూర్చుంది.

రెండో రోజూ అంతే. మూడో రోజు పిల్ల ఏరుతున్న పళ్ళెం పక్కన పెట్టి, రొమేనియన్‌లో, "పెద్దమ్మా, నాకెందుకు నేర్పరు?" అంది. కళ్ళల్లో నీళ్ళు.

ఆగ్నేజా లేచి పెరటి కిటికీ మూసి, వచ్చి కూర్చుని, "నేను అన్నట్టు అను" అంది.